డెబ్బై నాలుగు పిలిచిన వాళ్ళు

జనవరి 9

ఇది నా కొడుకు సీనా నోటు పుస్తకం. వాడు ముందు నుంచి రాశాడు. నేను వెనక నుంచి రాస్తున్నాను. వాడి పేజీల జోలికి పోను.

రాసుకోమని చెప్పింది పక్కింటి చిన్నక్క. గని కూలీల ఈ లైనిళ్ళలో మాకూ వాళ్ళకూ గోడ ఒక్కటే. "అక్కా, నువ్వు గోడతో మాట్లాడేదంతా నాకు అవతలికి వినిపిస్తా ఉండాది. మా ఆయప్ప దగ్గు నీకు, నీ ఏడుపు నాకు. యాడన్నా పుస్తకంలో రాసుకోరాదా, గోడకన్నా నిద్ర దొరుకుతుంది" అంది. నవ్వు వచ్చింది. సీనా పోయిన తర్వాత నవ్వడం ఇదే మొదటిసారి. తర్వాత చాలాసేపు తప్పు చేసినట్టు అనిపించింది.

బూదికోట బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. పన్నెండో ఎక్కం దాకా వస్తుంది. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ. ఎవరు చదవాలి.

జనవరి 10

సంగటి మూడు ముద్దలు చేశాను. ఒకటి మిగిలింది.

జనవరి 14

వాడి పేజీల జోలికి పోనని రాశాను. పోయాను.

అన్నీ అంకెలే. గనిలో దిగింది డబ్బు కూడబెట్టుకుని బెంగళూరులో లెక్కల చదువు చదవడానికి. ఒక్క సంవత్సరం అన్నాడు. పదకొండో నెలలో పోయాడు. కింద రెండు వేల అడుగుల లోపల బండ పేలి పోయాడు. పైన మా ఇంట్లో చెంబు కింద పడింది. నేను చెంబు తీసి పైన పెట్టి మళ్ళీ బియ్యం ఏరుకున్నాను. అంతే నాకు తెలిసింది ఆ నిమిషాన.

పుస్తకంలో ఉన్న ఆట నాకు తెలుసు. వాడే నేర్పాడు. నేను చింతపండు ఒలిచి గింజలు తీస్తుంటే గింజలన్నీ లాక్కుని నేల మీద పరిచాడు.

"అమ్మా, ఇది ఒక ఇల్లు అనుకో. అంకెలు మనుషులు. ఒక అంకె ఇంట్లోకి వచ్చిందంటే, దాన్ని మిగులు లేకుండా భాగించే అంకెలన్నీ ఆ ఇంట్లో ఉండాల. ఆరు వచ్చిందనుకో, మూడు రావాల, రెండు రావాల, ఒకటి రావాల. ఒక్కరు తక్కువైనా అది ఇల్లు కాదు."

"నాలుగు వస్తే?"

"రెండు, ఒకటి. మూడుతో పన్లే."

"ఐదు?"

"ఒకటి ఉంటే చాలు. ఐదు ఒంటిగాడు."

"అయితే ఒకటి అందరిండ్లలోనూ ఉండాల్నా?"

"ఉండాల. ఒకటి లేకుండా ఎవురూ రాలేరు."

"పాపం ఒకటి. యా ఇంటికి పోయినా చాకిరీ దానికే, నా మాదిరి" అన్నాను. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. చింతగింజలు చెల్లాచెదరయ్యాయి. ఒకటి పొయ్యి సందులో పడింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. తీయలేదు.

జనవరి 17

వాడి ప్రశ్న ఇది. మూడు వరకు అంకెలుంటే ఇట్లాంటి ఇళ్ళు ఎన్ని కట్టవచ్చు? నాలుగు వరకు ఉంటే ఎన్ని? ఆరు వరకు ఉంటే?

కట్టి చూశాను. మూడు వరకు. ఒకటి ఒక్కటే ఉన్న ఇల్లు. ఒకటి, రెండు ఉన్న ఇల్లు. ఒకటి, మూడు ఉన్న ఇల్లు. ముగ్గురూ ఉన్న ఇల్లు. నాలుగిళ్ళు.

వాడు ఐదు అని రాశాడు.

నాలుగు వరకు కట్టాను. నాకు ఆరు వచ్చాయి. వాడు ఏడు అని రాశాడు.

జనవరి 18

మళ్ళీ కట్టాను. ఆరే.

జనవరి 23

ఆరు వరకు కట్టడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. బొగ్గుతో నేల మీద గీతలు గీసి పెట్టుకున్నాను. నాకు పదహారు. వాడి పుస్తకంలో పదిహేడు, కింద రెండు గీతలు.

ఎప్పుడూ ఒక ఇల్లు తక్కువే వస్తుంది నాకు. ఎక్కడో ఒక ఇల్లు ఉంది, అది నాకు కనిపించడం లేదు. వాడు లెక్కల్లో తప్పు చేయడు. ఒకటో తరగతి నుంచి చేయలేదు.

ఆయన షిఫ్టు నుంచి వచ్చి నేల మీద బొగ్గు గీతలు చూశాడు. "ఏమే ఇది, ఇల్లా, బడా?" అన్నాడు. ఆయన సీనా పుస్తకం ముట్టడు. అది ఉన్న పెట్టె మీద కూర్చోడు కూడా.

ఫిబ్రవరి 1

ఆయన బిళ్ళ మేకుకు తగిలించినప్పుడల్లా చప్పుడవుతుంది. ఈ లైనిళ్ళలో ప్రతి ఇంట్లోనూ ఆ చప్పుడు వినిపిస్తే మగవాడు ఇల్లు చేరినట్టే.

ఇత్తడి బిళ్ళ. మీద నంబరు. పొద్దున లాంపు రూములో బిళ్ళ ఇస్తే దీపం ఇస్తారు. బిళ్ళను బోర్డులో ఆ నంబరు మేకుకు తగిలిస్తారు. షాఫ్టు బావిలోంచి ఇనుప కేజ్‌లో పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. మా సెక్షన్ బోర్డులో వంద మేకులున్నాయి. ఎన్ని బిళ్ళలు వేలాడుతుంటే భూమి కింద అంతమంది ఉన్నట్టు.

ఆ రోజు సాయంత్రం బోర్డులో ఒకే ఒక్క బిళ్ళ వేలాడుతూ ఉండింది. డెబ్బై నాలుగు.

అది ఇప్పుడు ఈ పెట్టెలో ఉంది. లాంపు రూము నంజుండప్ప తెచ్చి ఇచ్చాడు. ఇవ్వకూడదట. ఇచ్చాడు.

ఫిబ్రవరి 2

ఇవాళ వాడి నంబరుకు ఇల్లు కట్టాను. డెబ్బై నాలుగు వస్తే ఎవరెవరు రావాలో చూడాలనిపించింది. ఊరికే.

ఒకటి సరే. రెండుతో పోతుంది. మూడుతో పోదు. నాలుగుతో పోదు. పన్నెండు దాకా అన్నీ చూశాను. రెండుతో తప్ప దేనితోనూ పోదు. రెండుతో పోతే సగం. సగం ముప్పై ఏడు.

ఒకటి, రెండు, ముప్పై ఏడు, డెబ్బై నాలుగు. నలుగురు.

ఆయన బిళ్ళ నంబరు ముప్పై ఏడు.

ఫిబ్రవరి 3

కొళాయి దగ్గర చిన్నక్కను అడిగాను, ఒకటో నంబరు బిళ్ళ ఎవరిదని, రెండో నంబరు ఎవరిదని.

"ఒకటి రామకృష్ణప్ప మేస్త్రిది కదక్కా. ఆయప్ప దసరాకు ముందే పోయినాడు, రొమ్ము రోగంతో. రెండు కృష్ణప్ప తాతది. కేజ్ దగ్గర గంట కొడతా ఉంటాడే, ఆయప్ప. మా ఇంటాయప్పది ఎనభై రెండు. ఏమి, బిళ్ళలన్నీ విచారిస్తా ఉండావు, పెండ్లి సంబంధాలు చూస్తా ఉండావా?"

"కృష్ణప్ప తాతకు ఎట్లుండాది?"

"రాయి మాదిరి ఉండాడు. రిటైరు అయ్యేదానికి ఇంగ ఏడు నెలలంట. అయినంక గౌనిపల్లికి పోయి టమాటా పెడతానని అందరికీ ఇప్పుడే కాయలు పంచిపెడతా ఉండాడు నోటితో."

ఒకటి పోయింది. డెబ్బై నాలుగు పోయింది. రెండు రాయి మాదిరి ఉంది. కాబట్టి ఏమీ లేదు. ఊరికే లెక్క.

ఫిబ్రవరి 4

ఊరికే లెక్క.

ఫిబ్రవరి 11

కృష్ణప్ప తాత పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే పోయాడు. నిన్న సాయంత్రం షిఫ్టుకు కూడా గంట కొట్టాడట. కాఫీ ఒలకలేదని వాళ్ళ కోడలు పదే పదే చెబుతోంది. ఒక్క చుక్క కూడా ఒలకలేదమ్మా అని.

చూడటానికి వెళ్ళాను. ఆయన ముఖం చూడలేదు. గోడ మీద మేకుకు ఉన్న బిళ్ళను చూశాను. రెండు.

ఫిబ్రవరి 12

ముగ్గురు వచ్చేశారు. ఒక్కరే తక్కువ.

"ఒక్కరు తక్కువైనా అది ఇల్లు కాదు."

వాడి గొంతుతోనే వినిపిస్తోంది. వాడు ఎవరినీ పిలిచే రకం కాదు. ఇంటికి స్నేహితుల్ని పిలవడానికి కూడా మొహమాటపడేవాడు.

ఫిబ్రవరి 14

ఆయనతో చెప్పాను. తల దువ్వుకుంటున్నాడు. చెప్పడానికి అది మంచి సమయం కాదు. మంచి సమయం ఎప్పుడూ రాదు.

"నాలుగు రోజులు లీవు పెట్టయ్యా."

"యాలా?"

"ఊరికే. బూదికోటకు పోయొద్దాం. మా అన్న రమ్మన్నాడు."

"మీ అన్న నన్ను రమ్మన్నాడా? ఈ ఇరవై ఏండ్లలో మీ అన్న నన్ను పొమ్మనేది తప్ప రమ్మనింది లేదే."

అప్పుడు అంతా చెప్పేశాను. ఇల్లు, అంకెలు, ఒకటి, రెండు, ముప్పై ఏడు. ఆయన దువ్వెన కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను.

"వాడు ఆ పుస్తకంలో బిళ్ళల గురించి రాసినాడా?"

"లే."

"సావు గురించి రాసినాడా?"

"లే."

"వాడు రాయనిది నువ్వెట్ల సదివినావే?" అన్నాడు. "వాడి లెక్కలు వాడివి. నువ్వు వాటికి నెత్తురు పూయొద్దు" అన్నాడు. లేచి వెళ్ళి కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. అంతకు ముందే కడుక్కున్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఇంక ఈ లెక్క చేయను.

ఫిబ్రవరి 15

చేశాను. నలుగురే. ఎటు చేసినా నలుగురే.

ఫిబ్రవరి 16

నిన్నా ఇవాళా నేల సన్నగా వణికింది. గిన్నెల మూతలు టకటకమన్నాయి. సొన్నప్ప, అంటే చిన్నక్క పెనిమిటి, గోడ అవతల దగ్గుతూనే అన్నాడు: "కింద బండ పక్క తిరిగి పండుకుంటా ఉండాది. నిద్ర పట్టలే దానికి." చిన్నక్క నవ్వింది. అందరూ నవ్వుతారు దానికి. నేనూ ఇరవై ఏళ్ళు నవ్వాను.

ఫిబ్రవరి 18

బిళ్ళ దాచాను.

ఫిబ్రవరి 19

పొద్దున ఆయన మేకు దగ్గర చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు. ఆ తర్వాత ఇల్లంతా వెతికాడు. చాపలు దులిపాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు. నేనూ ఆయనతో పాటు వెతికాను. బిళ్ళ నా కొంగు ముడిలో ఉంది. వంగినప్పుడల్లా మోకాలికి తగులుతోంది.

"పొద్దు పోయింది. అందరూ దిగేసింటారు" అన్నాడు. ఏడు గంటల షిఫ్టు కూత పడి గంటయింది.

"పోనీలే. బిళ్ళ లేనిది దీపం ఇయ్యరు కదా. ఈ పొద్దుకు ఇంట్లో ఉండు."

నా ముఖం చూశాడు. టిఫిన్ క్యారియర్ తీసుకుని విసురుగా వెళ్ళిపోయాడు. వెళ్ళనీ. లాంపు రూము నుంచి వెనక్కి పంపిస్తారు. సిగ్గుపడి ఇంటికి రాకుండా మారికుప్పం స్టేషన్ దగ్గర టీ కొట్లో కూర్చుంటాడు. కూర్చోనీ. సాయంత్రం నా మీద అరుస్తాడు. అరవనీ.

మూడు నెలల తర్వాత ఇవాళ ఆకలి వేసింది. సంగటి ముద్ద మొత్తం తిన్నాను. ఇప్పుడు పదకొండు దాటింది. ఎండ గడప దాటి పెట్టె దగ్గరికి వచ్చింది. ముప్పై ఏడు నా ఒళ్ళో ఉంది, భూమి పైన, వెలుతురులో. ఇంక ఆ ఇల్లు ఎట్లా

ఫిబ్రవరి 23

పైన వాక్యం పూర్తి చేయలేదు. అప్పుడే ఇల్లు ఊగింది.

ఇది ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. అన్నీ వరుసగా రాయాలి. ఇంకెక్కడా చెప్పను కాబట్టి ఇక్కడన్నా రాయాలి.

నేల కింది నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క దెబ్బ. పైన కుండలు పడ్డాయి. పెట్టె జరిగింది. గోడ అవతల చిన్నక్క అరిచింది. నేను, రాయడానికి చెయ్యి రావడం లేదు, నేను నవ్వాను. కొంగు ముడి గట్టిగా పట్టుకుని నవ్వాను. గెలిచాను అనుకున్నాను.

సొన్నప్ప కింద ఉన్నాడు కాబట్టి చిన్నక్కతో పాటు షాఫ్టు దగ్గరికి పరుగెత్తాను. ఆమె జుట్టు ఊడిపోయింది. నేను ఆమెను పట్టుకుని ధైర్యం చెప్పాను. చక్కగా చెప్పాను. నా ఇంటి మనిషి పైన ఉన్నాడు కదా.

కేజ్ నాలుగు సార్లు వచ్చింది. రెండోసారి వచ్చిన వాళ్ళలో సొన్నప్ప ఉన్నాడు. దుమ్ముతో తెల్లగా, దగ్గుతూ. చిన్నక్క ఆయన రొమ్ము మీద కొట్టింది, తర్వాత కాళ్ళ మీద పడింది.

హాజరు రాసే టైం ఆఫీసు మనిషి బోర్డు దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. దిగినవి ఇరవై మూడు బిళ్ళలు. వచ్చినవాళ్ళు ఇరవై మూడు మంది. "లెక్క సరిపోయింది. అందరూ వచ్చేసినారు" అన్నాడు. ఆడవాళ్ళంతా ఏడ్చారు, సంతోషంతో. గేట్లు వేయడం మొదలుపెట్టారు.

సొన్నప్ప నన్ను చూశాడు. "వదినా, గంగప్పన్న ఈ పొద్దు షిఫ్టుకు రాలే. మంచిదాయ. మేమంతా అనుకుంటా ఉండాము, అదృష్టవంతుడని."

"రాలే. బిళ్ళ దొరకలే" అన్నాను.

స్టేషన్ దగ్గర టీ కొట్టుకు వెళ్ళాను. గంగప్పన్న రాలేదన్నారు. యూనియన్ ఆఫీసులో అడిగాను. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. టిఫిన్ క్యారియర్. టీ కొట్లో కూర్చోవడానికి క్యారియర్ ఎందుకు?

మళ్ళీ షాఫ్టుకు వచ్చాను. పరుగెత్తానో నడిచానో తెలియదు. లాంపు రూము కిటికీలోంచి చూశాను. దీపాలన్నీ వరుసగా వాటి నంబర్ల మీద ఉన్నాయి. ముప్పై ఆరు ఉంది. ముప్పై ఎనిమిది ఉంది. ముప్పై ఏడు చోటు ఖాళీ.

బోర్డు వైపు చూశాను. అన్ని మేకులతో పాటు ముప్పై ఏడు మేకూ ఖాళీ. బిళ్ళ లేదు కాబట్టి మనిషి లేడు. కానీ దీపం లేదు.

పొద్దున నంజుండప్ప ఇచ్చాడు దీపం, ఊరి నుంచి వచ్చాక నా ఒక్కదానికే చెప్పాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. "ఒక దినం కూలి యాలా పోగొట్టుకుంటావన్నా, పో, రేపు తెచ్చి ఇయ్యి బిళ్ళ" అని. ఇచ్చి తన డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి పది గంటల రైలుకు బెంగళూరు వెళ్ళిపోయాడు, చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి. ఆయన ఆలస్యంగా, ఒంటరిగా, పదిన్నర దాటాక దొరికిన ఇంకో కేజ్‌లో దిగాడు. కింద జతగాళ్ళను ఇంకా చేరుకోలేదు. చేరుకుని ఉంటే వాళ్ళతో పాటు వచ్చేవాడు. నా వల్ల ఆలస్యమైంది. నా వల్ల బోర్డులో లేడు. వంద మేకుల బోర్డులో ఒక మనిషిని నేను చెరిపేశాను.

గేటు పట్టుకుని అరిచాను. టైం ఆఫీసు మనిషి వచ్చాడు.

"లోపల మనిషి ఉండాడు సామీ. ముప్పై ఏడు లోపల ఉండాడు."

"లెక్క సరిపోయిందమ్మా. ఇరవై మూడుకు ఇరవై మూడు."

"ఇరవై నాలుగు!"

"నువ్వు కొడుకును పోగొట్టుకున్న దానివి, నీ బాధ నాకు అర్థమయితాది, ఇంటికి పో తల్లీ..."

కొంగు ముడి విప్పాను. పళ్ళతో విప్పాను. బిళ్ళ ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన బిళ్ళను చూశాడు. నన్ను చూశాడు. కిటికీలో ఖాళీ చోటును చూశాడు. ఆ తర్వాత ఆయన కూడా పరుగెత్తాడు.

మొదట దిగిన వాళ్ళలో సొన్నప్ప ఉన్నాడు. అప్పుడే పైకి వచ్చిన మనిషి, ముఖం కూడా కడుక్కోలేదు. మళ్ళీ దిగాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి తెచ్చారు ఆయనను. రెండు దుంగల మధ్య సందులో ఉన్నాడట. కాలు విరిగింది. ఊపిరి ఉంది. క్యారియర్ చేతిలోనే ఉంది. ఒక్క మెతుకు తినలేదు.

ఫిబ్రవరి 24

కళ్ళు తెరిచి మొదట అడిగింది ఇది: "నేను లోపల ఉండేది వాళ్ళకు ఎవురు చెప్పినారే?"

"నేను."

"బిళ్ళ యాడ దొరికింది?"

"పెట్టె సందులో. ఊడుస్తా ఉంటే."

చాలాసేపు నన్నే చూశాడు. "మంచిదే ఊడ్చినావు" అన్నాడు.

తెలుసా? తెలియదు. తెలిసి ఉండదు.

ఫిబ్రవరి 26

ఆయనకు పంచె తీసుకురావాలని ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం. తలుపు తోసి గడప మీద నిలబడిపోయాను. లోపల ఎవరూ లేరు. పొయ్యిలో నిప్పు లేదు. మేకుకు బిళ్ళ లేదు. నేను కూడా ఇంకా లోపల లేను.

అప్పుడు కనిపించింది.

పదిహేడో ఇల్లు. ఎవరూ లేని ఇల్లు. ఆరు లేదు కాబట్టి మూడు రానక్కర్లేదు. ఎవరూ రాలేదు కాబట్టి ఎవరూ తక్కువ కాదు. ఒకటి కూడా అక్కర్లేని ఇల్లు. వాడు దాన్ని కూడా లెక్కలో వేశాడు. నేను ప్రతిసారీ ఎవరో ఒకరు ఉండాలనుకుని మొదలుపెట్టాను. అందుకే ఒకటి తక్కువ.

మూడు వరకు ఐదు. నాలుగు వరకు ఏడు. అన్నీ సరిపోయాయి.

వాడి పదిహేడు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టాను. పంతులమ్మ మాదిరి. ఏడ్చాను. కానీ ఈ ఏడుపు వేరే.

మార్చి 8

ఆయనను ఇంటికి తెచ్చాం. రెండు నెలలు మంచం మీద ఉండాలి. తర్వాత పనికి పోవచ్చన్నారు. ఆయన పోతానంటాడు.

నంజుండప్ప వచ్చాడు. నా ముందు కూర్చుని తల వంచుకుని ఏడ్చాడు. "బిళ్ళ లేకుండా దీపం ఇచ్చింది నేనే వదినా. నువ్వు ఎవురికీ చెప్పలే. నా పని పోకుండా కాపాడినావు. నువ్వు ఏం అడిగినా చేస్తాను."

ఆ దీపం అవసరం ఎందుకు వచ్చిందో వీడికి తెలియదు. చెప్పలేదు.

"ముప్పై ఏడు వద్దప్పా. ఆయనకు ఇంగో నంబరు ఇప్పీ."

"అంతేనా? ఇప్పిస్తా. పోయినోళ్ళవి ఎవురికీ ఇయ్యరు, అవి తీసేస్తే ఇప్పుడు రెండే కాళీ ఉండాయి. అరవై ఉండాది. ఇంగోటి నలభై ఒకటి. యాది కావాల?"

లోపలికి వెళ్ళి చింతగింజలు తీసుకున్నాను. అరవైని చూస్తేనే భయం వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, పది, పన్నెండు... ఎంతమంది ఆ ఇంట్లో. జాతర మాదిరి. అన్నిసార్లు అన్ని వైపులా చావు గుమ్మం తొక్కుతుంది. నలభై ఒకటిని ఎంత చూసినా దేనితోనూ పోలేదు. ఒకటి తప్ప ఎవరూ లేరు. ఒకటి రామకృష్ణప్ప మేస్త్రి, ఎప్పుడో పోయాడు. ఒంటిగాడు. ఐదు మాదిరి.

"నలభై ఒకటి" అన్నాను.

మంచం మీద నుంచి ఆయన నవ్వాడు. "నాకు పేరు పెట్టినట్టు పెడతా ఉండాదప్పా నంబరు."

మార్చి 12

కొత్త బిళ్ళ తెచ్చి ఇచ్చాడు. మెరుస్తోంది. మేకుకు తగిలించాను. చప్పుడు బాగుంది.

మార్చి 13

రెండు ముద్దలు చేశాను. ఏమీ మిగల్లేదు.

ఇంక ఈ పుస్తకంలో రాసే పని లేదనుకుంటాను. నా పేజీలకూ వాడి పేజీలకూ మధ్య ఆరు తెల్ల కాగితాలే ఉన్నాయి. అట్లాగే వదిలేస్తాను.

మార్చి 19

రాయక తప్పలేదు.

పొద్దున బియ్యం కడుగుతుంటే తట్టింది. డెబ్బై నాలుగును ఎవరు భాగిస్తారో వాళ్ళు పోయారు. అంటే పిలిచింది పెద్ద అంకె. ముప్పై ఏడు ఎవరినీ పిలవలేదు. ముప్పై ఏడును పిలిచారు. ఆయన నంబరును ఎవరు భాగిస్తారని నేను ఎందుకు చూశాను? ఆయన నంబరు ఎవరిని భాగిస్తుందో కదా చూడవలసింది.

అరవైని ఎవరు పిలవగలరు? నూట ఇరవై. మా బోర్డులో వంద మేకులే. అరవైని పిలిచేవాడే లేడు. ఎంతమంది ఉన్న ఇల్లయినా దాని తలుపు ఎవరూ తట్టలేరు. అది చేతికి ఇస్తే వద్దన్నాను.

నలభై ఒకటి రెండ్లు ఎనభై రెండు. సొన్నప్ప బిళ్ళ, ఆయన పోతే పిలిచేది నలభై ఒకటినే.

నోట్లో అనుకున్నాను. బయటికి అనలేదు. గోడ ఒక్కటే కదా.

నంజుండప్పను అడిగాను, అరవైకి మార్చమని. "దాన్ని నిన్ననే కొత్తగా చేరినాయనకు ఇచ్చేసినా వదినా" అన్నాడు.

ఫిబ్రవరి 19న షాఫ్టు నుంచి వచ్చి ముఖం కడుక్కోకుండా మళ్ళీ దిగింది సొన్నప్ప. ఆ దుమ్ము మీద దుమ్ము. అప్పటి నుంచి దగ్గు ఎక్కువైంది. నేను ఇన్నాళ్ళూ వినలేదు. వినిపిస్తూనే ఉండింది.

మార్చి 21

మిరియాలు, తులసి వేసి కషాయం కాచి తీసుకెళ్ళాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

చిన్నక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏమక్కా, నా మొగుని మీద ఇంత ప్రేమ యాడిది నీకు? ఆయప్పను అమ్మేస్తాను, కావాల్నంటే తీసకపో" అంది. సొన్నప్ప మంచం మీద నుంచే, "దగ్గుతో సహా అమ్ముతుందంట వదినా, కొనొద్దు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

"దగ్గకుండా తాగప్పా" అన్నాను. "నువ్వు బాగుండాల."

నా గొంతు విని చిన్నక్క నవ్వు ఆపేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆయన ప్రాణం కోసం అంత తపిస్తున్నానని. నా చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ కూడా ఇట్ల చూసుకోలే అక్కా" అంది.

చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

మార్చి 24

మధ్యాహ్నం నుంచి గోడ దగ్గరే కూర్చున్నాను. ఆయన నిద్రపోతున్నాడు. కాలు కట్టు కింద బిగుసుకుని ఉంది. మేకుకు నలభై ఒకటి మెరుస్తోంది.

అవతల దగ్గు ఆగింది. చాలాసేపటి నుంచి లేదు.

కషాయం పనిచేసి ఉంటుంది. కషాయమే.